పాత బుల్లెట్ క్యారియర్ పట్టీలు విరగడం ఎలా ఆగిందంటే

మా నాన్నగారి పాత బుల్లెట్‌కి వెనక లగేజీ క్యారియర్ పెట్టించాను. కొన్ని వందల కిలోమీటర్లకోసారి దాని పట్టీ విరిగేది, అదీ సరిగ్గా వెల్డింగ్ పక్కనే. మళ్లీ అతికించడం, లావు బోల్టులు, రబ్బరు వాషర్లు అన్నీ అయ్యాయి.

ఈసారి ముందు అట్టముక్క కోసి కొలత చూసుకున్నాను. 5 ఎంఎం ఇనప పట్టీలకు డ్రిల్లుతో రంధ్రాలు వేయించి, వాటిని బండికే బోల్టులతో బిగించాను. క్యారియర్‌ని వాటిమీద ఆనించి, బ్యాటరీ వైర్లు తీసేసి, వెల్డింగ్ చుక్కలు మాత్రం పెట్టించాను. అసలు పని ఇదే. ఇంతకుముందు విడిగా చేయించి తెచ్చి, రంధ్రాలు కలవకపోతే రాడ్డుతో లాగి బిగించేవాళ్లం. ఆ లాగుడుకి తోడు ఇంజిన్ అదురు, పట్టీ ఎన్నాళ్లు ఆగుతుంది?

తర్వాత విప్పి పూర్తి వెల్డింగ్, ఇటు కాస్త అటు కాస్త, వంకర పోకుండా. మూలల్లో మూడు మూలల రేకు ముక్క అతికించి, నీళ్లు పొయ్యకుండా దానంతటదే చల్లారనిచ్చాం. తిరిగి పెడితే బోల్టులు వేళ్లతోనే ఎక్కాయి, ఎంత సంతోషమేసిందో!

పది పన్నెండు కేజీల సామానుతో రెండు వేల కిలోమీటర్లు తిరిగాను, చీలిక లేదు. ఒక్క బండి అనుభవమే ఇది. మడ్‌గార్డుకి బిగించే క్యారియర్లకు ఇదే సరిపోతుందని మాత్రం చెప్పను.