క్లయింట్ చేత కేసు పెట్టించాలనిపించినప్పుడు

ఆఫీసులో పక్క సీటాయన "మీ ఇంటిపేరేంటి, ఏ ఊరు మీది" అని మూడోసారి అడిగాడని, అప్పట్నుంచి అందరితో కూర్చుని తినడమే మానేశానని ఒకమ్మాయి కౌన్సెలింగ్‌కి వచ్చి నా ఎదుట కూర్చుని చెప్పింది. దళితురాలు, ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. (ఆనవాళ్ళు పట్టకుండా వివరాలు మార్చాను.) నాకు ఒళ్ళు మండి, ఊరుకోకూడదు, ఫిర్యాదు చేయాల్సిందే అని పావుగంట ఏకధాటిగా మాట్లాడాను. తర్వాతి వారం ఆమె రాలేదు.

కౌన్సెలింగ్‌లోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఈ తప్పు చేయకండి. అలాగని "పాజిటివ్‌గా తీసుకోండి" అనీ అనకండి, అలా అంటే వివక్షని ఆమె బుర్రలో పుట్టిన అనుమానం చేసేసినట్టే. "ఇది కులం కూపీ లాగడమే, ఇందులో మీ తప్పేం లేదు" అని ఒక్కసారి స్పష్టంగా చెప్పి ఆగండి. ఆగడమే కష్టం, నాకైతే ఇప్పటికీ కష్టమే.

తర్వాత ఆమెకేం కావాలో అడగండి. రాత్రిళ్ళు నిద్ర పడితే చాలు అంటే, ఆ నిద్ర సంగతే చూడండి.

చట్టం గురించి చెప్పాలనిపిస్తే ముందు "మీకున్న దారులు చెప్పమంటారా?" అని అడగండి. సరే అంటే సగం సగం చెప్పొద్దు. ఎస్సీ, ఎస్టీ కానివాళ్ళు పదిమందిలో కులం పేరుతో తిడితే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల (అంటే దౌర్జన్యాల) నిరోధక చట్టం ఉంది, 14566 హెల్ప్‌లైన్ ఉంది, కానీ ఇంటిపేరు అడిగాడన్న ఒక్కదానితో కేసు నిలవడం కష్టం, పైగా ఫిర్యాదు చేస్తే ఇన్నాళ్ళూ దాచుకున్నది ఆఫీసంతా తెలిసిపోవచ్చు. రేపు ఆ ఆఫీసుకి వెళ్ళాల్సింది ఆమె, మీరు కాదు.

ఇంకోటి, మనలో ఎవరూ పెద్దగా మాట్లాడనిది: మీ బోర్డు మీద ఇంటిపేరు ఆమె కూడా చదివే లోపలికొచ్చింది. మీది పైకులమైతే మీ ఆవేశం ఆమెకి ఇంకో పెత్తనంలా వినబడొచ్చు. ఆ కోపాన్ని మీ సూపర్‌వైజర్ (మీ పని చూసి దారి చెప్పే సీనియర్ కౌన్సెలర్) దగ్గర కక్కేయండి, ఆదివారం కులవివక్ష వ్యతిరేక సభలకి వెళ్ళండి, అంతేగానీ ఆమె అడక్కుండా హెచ్‌ఆర్‌కి మాత్రం ఫోన్ చేయకండి.

పిల్లల మీద లైంగిక దాడి అని తెలిస్తే మాత్రం వేరే సంగతి, 2012 పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి. గోప్యతకున్న ఈ హద్దు మొదటి సెషన్‌లోనే చెప్పేయండి.

ఫిర్యాదు వద్దని ఆమె తేల్చుకుంటే ఫైల్లో "ధైర్యం లేదు" అని రాయకండి, "వద్దనుకున్నారు" అని రాయండి. రెండు నెలలకి మనసు మారితే అప్పుడు మళ్ళీ మాట్లాడొచ్చు.