విశాఖ నుంచి చిరోప్రాక్టిక్ చదువుకి వెళ్ళాలంటే కాలేజీని ఎలా చూసుకోవాలి

బీపీటీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్ళు, ఆంధ్రా యూనివర్సిటీ కింద బీఎస్సీ చేసినవాళ్ళు ఈ మధ్య చిరోప్రాక్టిక్ (చేతులతో వెన్నుపూసల్ని సర్ది నొప్పులు తగ్గించే వైద్యం) గురించి తెగ అడుగుతున్నారు. సగం మంది వెన్ను టకటకలాడించే రీల్స్ చూసి, మిగతా సగం ద్వారకానగర్‌లో ఏదో కన్సల్టెన్సీ చేతిలో పెట్టిన బ్రోచర్ చూసి. ఆ బ్రోచర్లో పచ్చటి క్యాంపస్, ‘హెల్త్ సైన్సెస్ యూనివర్సిటీ’ అని పెద్ద పేరు, దాని కింద వరసగా కోర్సులు. మొదటి పేజీ నుంచి చదువుకుంటూ పోతే అన్నీ బాగానే కనిపిస్తాయి. అందుకే చివరి నుంచి రండి. ముందు ఎక్కడ ప్రాక్టీస్ చేస్తారో తేల్చుకోండి, అక్కడ లైసెన్స్ ఎవరిస్తారో, వాళ్ళు ఏ డిగ్రీ ఒప్పుకుంటారో కనుక్కోండి, కాలేజీ సంగతి ఆ తర్వాత.

చదివొచ్చి ఎంవీపీ కాలనీలో క్లినిక్ పెట్టుకుంటా అనేవాళ్ళకి ఒక చేదు నిజం. మన దేశంలో చిరోప్రాక్టర్‌కి రిజిస్ట్రేషన్ ఇచ్చే కౌన్సిల్ లేదు. ఫిజియోథెరపీకి 2021 చట్టం కింద జాతీయ కమిషన్ వచ్చింది, దీనికి అలాంటిదేమీ లేదు. కాబట్టి ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి అమెరికా వెళ్ళి డిగ్రీ తెచ్చుకున్నా, ఇక్కడ దాని బలంతో లైసెన్స్ చేతికి రాదు. బీపీటీ చేతిలో ఉంటే ఫిజియోథెరపిస్టుగా మీ పని మీరు చేసుకోవచ్చు, అది వేరే సంగతి. అమెరికాలో ఏ రాష్ట్రం లైసెన్స్ బోర్డు ఆ రాష్ట్రానిదే. సీసీఈ (చిరోప్రాక్టిక్ కోర్సులకి గుర్తింపిచ్చే అక్కడి సంస్థ) గుర్తింపు ఉన్న ప్రోగ్రాంలో డాక్టర్ ఆఫ్ చిరోప్రాక్టిక్, అంటే డీసీ చేసి, ఎన్‌బీసీఈ (చిరోప్రాక్టర్ల పరీక్షలు పెట్టే జాతీయ బోర్డు) వాళ్ళ నాలుగు భాగాల పరీక్షలు గట్టెక్కాలి. బ్రిటన్‌లో 1994 చట్టం ప్రకారం జనరల్ చిరోప్రాక్టిక్ కౌన్సిల్‌లో పేరు నమోదు కావాలి.

ఇప్పుడు కాలేజీ చరిత్ర పేజీకి రండి. చాలామంది దాన్ని దాటేసి నేరుగా ఫీజుల దగ్గరికి పోతారు కానీ, ఆ కాలేజీ మీకేం నేర్పుతుందో సగం అక్కడే తెలిసిపోతుంది. 1895లో అమెరికాలోని అయోవా రాష్ట్రం డావెన్‌పోర్ట్‌లో డి.డి. పామర్ అనే ఆయన చిరోప్రాక్టిక్‌ని మొదలుపెట్టాడు. అంతకుముందు కిరాణా కొట్టు నడిపాడు, అయస్కాంత వైద్యం చేశాడు. ఆయన వైద్యం చేసే బిల్డింగులో ఊడ్చి తుడిచే హార్వే లిలార్డ్‌కి చెవుడు ఉంటే, వెన్నుపూస ఒకటి సర్దగానే వినికిడి వచ్చిందని పామర్ చెప్పుకున్నాడు. ఈ కథని చాలా కాలేజీలు గొప్పగా వేసుకుంటాయి. అనాటమీ చదివినవాళ్ళకి తెలిసిందే, వినికిడి నరం పుర్రె లోపలే ఉంటుంది, మెడలోంచి పోదు.

1897లో పామర్ స్కూలు పెట్టాడు. 1906లో లైసెన్స్ లేకుండా వైద్యం చేశాడని జైలుకీ వెళ్ళాడు. అదే ఏడాది ఆయన దగ్గర చదివిన జాన్ ఫిట్జ్ అలన్ హోవర్డ్ విడిపోయి, అదే డావెన్‌పోర్ట్‌లో నేషనల్ స్కూల్ ఆఫ్ చిరోప్రాక్టిక్ తెరిచాడు. శరీర శాస్త్రం, రోగ నిర్ధారణ గట్టిగా నేర్పాలన్నది ఆయన పట్టు. ఆ స్కూలు 1908లో చికాగోకి, 1963లో ఆ పక్కనే ఉన్న లంబార్డ్‌కి మారి, 2000లో నేషనల్ యూనివర్సిటీ ఆఫ్ హెల్త్ సైన్సెస్ అయ్యింది. ఈ వృత్తిలో ఇప్పటికీ ఉన్న రెండు దారులు అక్కడ చీలినవే. వెన్నుపూస సర్దడమే సర్వస్వం అనేవాళ్ళని స్ట్రెయిట్లు అంటారు, మిగతా పద్ధతులనూ కలుపుకునేవాళ్ళని మిక్సర్లు అంటారు. వెబ్‌సైట్లో సబ్‌లక్సేషన్ (వెన్నుపూస జరగడమే జబ్బులకి మూలమన్న వాదం), సహజ ప్రజ్ఞ (శరీరం తనని తానే నయం చేసుకునే శక్తి అన్న నమ్మకం) లాంటి మాటలు పేజీ పేజీకీ ఎదురైతే మొదటి బాపతు అనుకోండి. ఎక్స్‌రే, డయాగ్నసిస్, ఎప్పుడు వేరే డాక్టర్‌కి పంపాలి అన్న మాటలు ఎక్కువుంటే రెండోది. బీపీటీ చదివినవాళ్ళకి రెండోదే నప్పుతుందని నా అభిప్రాయం, మొదటి దాంట్లో చేరితే మీరు చదివిందాంతో రోజూ గొడవే.

మరి కాలేజీలన్నీ యూనివర్సిటీలు ఎందుకయ్యాయి? చాలా ఏళ్ళు అమెరికా డాక్టర్ల సంఘమైన అమెరికన్ మెడికల్ అసోసియేషన్ చిరోప్రాక్టర్లని దగ్గరికి రానివ్వలేదు. డాక్టర్లు చిరోప్రాక్టర్లతో కలిసి పనిచేయడం తప్పని నియమం కూడా పెట్టింది. 1974లో సీసీఈకి అమెరికా ప్రభుత్వ గుర్తింపు వచ్చింది, అదే ఏడాది లూసియానాతో అన్ని రాష్ట్రాల్లో లైసెన్స్ చట్టాలు పూర్తయ్యాయి. 1976లో చెస్టర్ విల్క్, మరికొందరు చిరోప్రాక్టర్లు కోర్టుకెళ్తే 1987లో ఆ అసోసియేషన్‌కి వ్యతిరేకంగా తీర్పొచ్చింది. ఆ తర్వాత ఒక్కో కాలేజీ ఆక్యుపంక్చర్, మసాజ్, న్యూట్రిషన్ లాంటివి కలుపుకుంటూ పెద్ద బోర్డు పెట్టుకుంది. మిన్నెసొటాలో 1941లో పుట్టిన నార్త్‌వెస్టర్న్ అలాగే నార్త్‌వెస్టర్న్ హెల్త్ సైన్సెస్ యూనివర్సిటీ అయ్యింది. 1935లో మొదలైన లోగన్ కాలేజీ 2013లో లోగన్ యూనివర్సిటీ అయ్యింది. ఇంగ్లండ్‌లోని బోర్న్‌మత్‌లో 1965 నాటి చిరోప్రాక్టిక్ కాలేజీ 2024లో లండన్ ఆస్టియోపతి కాలేజీతో కలిసి హెల్త్ సైన్సెస్ యూనివర్సిటీ పేరు పెట్టుకుంది.

ఇక్కడే జాగ్రత్త. పేరు ఒకటే కానీ లోపల కోర్సులన్నీ ఒకే పని ఇప్పించవు. న్యూట్రిషన్‌లో ఆన్‌లైన్ మాస్టర్స్, స్పోర్ట్స్ సైన్స్ మాస్టర్స్, మసాజ్ థెరపీ సర్టిఫికెట్, ఇవన్నీ మంచివే అయ్యుండొచ్చు, వీటితో చిరోప్రాక్టర్ లైసెన్స్ మాత్రం రాదు. కన్సల్టెన్సీ వాళ్ళు ‘అదే యూనివర్సిటీ కదా, లోపలికెళ్ళాక మార్చుకోవచ్చు’ అంటే ఆఫర్ లెటర్లో ప్రోగ్రాం పేరు మీ కళ్ళతో చదవండి. డీసీకి కనీసం 4,200 గంటల బోధన ఉండాలి. చాలా చోట్ల 10 ట్రైమెస్టర్లు (ఒక్కోటి నాలుగు నెలలు), సెలవుల్లేకుండా లాగితే మూడేళ్ళ నాలుగు నెలలు. మొదట అనాటమీ, ఫిజియాలజీ, తర్వాత డయాగ్నసిస్, ఎక్స్‌రే చదవడం, చేతి పద్ధతులు, ఆఖర్న క్లినిక్‌లో నిజం పేషెంట్లు. సీసీఈ గుర్తింపు ఈరోజుకి ఉందో లేదో సీసీఈ జాబితాలోనే చూడండి. జార్జియాలోని లైఫ్ యూనివర్సిటీ అంత పెద్దదానికే 2002లో గుర్తింపు పోయి, కోర్టుకెళ్ళి తిరిగి తెచ్చుకోవాల్సొచ్చింది.

అడ్మిషన్‌కి మామూలుగా 90 సెమిస్టర్ క్రెడిట్లు, 3.0 జీపీఏ కావాలి. ఆ 90లో 24 జీవ, భౌతిక శాస్త్రాలవి, వాటిలో సగానికి ల్యాబ్ ఉండాలి. మన ట్రాన్స్‌క్రిప్టులో ఇదే చిక్కు. ప్రాక్టికల్స్ మార్కులు థియరీలో కలిపేసి ఒక్క అంకె వేస్తే, క్రెడిట్లు లెక్కగట్టే సంస్థకి మీరు ల్యాబ్ చేశారని తెలియదు. అప్లై చేసేటప్పుడే ప్రాక్టికల్స్ వేరుగా చూపించమని రాసివ్వండి, సిలబస్ కాపీ మీద సంతకం, స్టాంపు వేయించుకోండి. బీపీటీ వాళ్ళకి ట్రాన్స్‌క్రిప్ట్ విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ నుంచి రావాలి కాబట్టి ముందే మొదలుపెట్టండి. ఇంకోటి, కొన్ని రాష్ట్రాలు డీసీతో పాటు బ్యాచిలర్స్ కూడా అడుగుతాయి. మన మూడేళ్ళ బీఎస్సీని వాళ్ళ నాలుగేళ్ళ డిగ్రీతో సమానంగా చూస్తారో లేదో ఆ బోర్డునే అడగాలి.

వీసా ఇంటర్వ్యూ హైదరాబాద్‌లో, అది అందరికీ తెలిసిందే. తెలియంది తర్వాతి కథ. చదువు అయ్యాక ఓపీటీ (స్టూడెంట్ వీసా మీదే అక్కడ పని చేసుకునే అనుమతి) 12 నెలలు. ఆపైన హెచ్-1బీ వేయాలంటే ఎవరో ఒకరు స్పాన్సర్ చేయాలి, అక్కడి చిరోప్రాక్టర్లలో చాలామందివి సొంత చిన్న క్లినిక్‌లు. సాఫ్ట్‌వేర్ కంపెనీలా ఏటా కుప్పలుగా స్పాన్సర్ చేసే బాపతు కాదు. అప్పు లెక్క వేసుకునేటప్పుడు ఇది పెద్ద అక్షరాలతో రాసుకోండి.

అసలు ఈ వైద్యం పనిచేస్తుందా అని ఇంట్లో అడుగుతారు, అడగాలి కూడా. నడుము నొప్పికి కొంతవరకు ఆధారం ఉంది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017 మార్గదర్శకాల్లో మందుల కంటే ముందు ప్రయత్నించదగ్గ వాటిలో వెన్ను మానిప్యులేషన్ (చేత్తో వెన్నుపూస సర్దడం) కూడా ఉంది, ఆధారం అంత గట్టిది కాదని వాళ్ళే రాశారు. ఉబ్బసం, చెవిపోటు, పసిపిల్లల ఏడుపు తగ్గిస్తామనే మాటలకి అంత బలం లేదు. మెడ విషయంలో ఇంకా జాగ్రత్త. మన సెలూన్లలో కటింగ్ అయ్యాక గడ్డం కింద ఒక చెయ్యి, తల వెనక ఒక చెయ్యి పెట్టి టక్కున తిప్పుతారు చూడండి, అలా తిప్పిన తర్వాత మెదడుకి వెళ్ళే రక్తనాళం చీలిన కేసులు అరుదుగానైనా వైద్య పత్రికల్లో వచ్చాయి. కాలేజీని ఎంచుకునేటప్పుడు ఈ ప్రమాదం గురించి వాళ్ళు ఎక్కడ, ఏ సెమిస్టర్లో నేర్పుతారో అడిగి చూడండి, జవాబు తడబడితే ఇంకో కాలేజీ చూసుకోండి.

అడ్మిషన్ ఆఫీసుకి మీరే మెయిల్ పెట్టండి, కన్సల్టెన్సీ చేత కాదు. ఎన్‌బీసీఈ ఫలితాల పేజీ లింకు (గుర్తింపు ఉన్న ప్రోగ్రాంలు వాటిని బయటపెట్టాలి), నా డిగ్రీకి ఎన్ని క్రెడిట్లు ఒప్పుకుంటారు, గత బ్యాచ్‌లో విదేశీ విద్యార్థులు ఎంతమంది లైసెన్స్ తెచ్చుకున్నారు, ఈ మూడూ రాతపూర్వకంగా రావాలి. అప్పటిదాకా సీటు డిపాజిట్ కట్టొద్దు. రేపే ఆఖరి తేదీ అని టెన్షన్ పెడితే పెట్టనివ్వండి, ట్రైమెస్టర్ కాలేజీల్లో ఏడాదికి రెండు మూడు సార్లు చేర్చుకుంటారు, ఈసారి కాకపోతే తర్వాతి బ్యాచ్‌కి వేసుకోవచ్చు.