రాళ్ల దారిలో బండి ఎగరేయకుండా సస్పెన్షన్ సెట్ చేసుకోవడం ఎలా

రాళ్లు, వేర్లు ఉన్న దారిలో ఆఫ్‌రోడ్ బైకు చేతులు విరగ్గొడుతుంటే చాలామంది చేసే మొదటి పని కంప్రెషన్ స్క్రూ (సస్పెన్షన్ ఎంత వేగంగా కుంగాలో అదుపు చేసేది) మొత్తం వదులు చేసెయ్యడం. మెత్తగా ఉంటే హాయిగా ఉంటుంది అనిపించడం సహజమే, కానీ చాలాసార్లు ఉల్టా అవుద్ది. మరీ మెత్తటి బండి మన బరువుకే సగం కుంగిపోయి కూర్చుంటుంది, ఇక రాయి తగిలేసరికి దానికి మిగిలింది ట్రావెల్‌లో (సస్పెన్షన్ కదలగలిగే మొత్తం దూరంలో) చివరి భాగం, అంటే సస్పెన్షన్ బాగా గట్టిపడే చోటు, దాంతో ప్రతి రాయీ డైరెక్టుగా నడుంలోకి కొడుతుంది. కాబట్టి మెత్తగా చెయ్యడం కంటే బండిని ట్రావెల్‌లో సరైన ఎత్తులో నిలబెట్టడం ముఖ్యం. వరస కూడా ముఖ్యమే, ముందు సాగ్ (బరువుకి బండి ఎంత కుంగుతుందన్నది), తర్వాత రీబౌండ్, ఆఖర్న కంప్రెషన్. సాగ్ చూడకుండా క్లిక్కర్లు (క్లిక్‌మంటూ తిరిగే సెట్టింగ్ స్క్రూలు) తిప్పితే ఎంత తిప్పినా తేలదు.

స్పానర్ పట్టుకునే ముందు టైర్ గాలి చూస్కోండి. ట్యూబ్ ఉన్న ఆఫ్‌రోడ్ టైర్లలో మామూలుగా 12 నుంచి 15 పీఎస్ఐ ఉంటుంది, రోడ్డు మీదకి కొట్టించిన గాలితోనే రాళ్లలోకి వెళ్తే ఏ సస్పెన్షనూ కాపాడలేదు, అలాగని మరీ తగ్గిస్తే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబ్ నలిగి పంచర్ అవుద్ది. వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్‌ఆర్మ్, దాన్ని షాక్‌కి కలిపే లింకేజ్, వీటి బేరింగుల్లో గ్రీజు ఉందో లేదో కూడా చూడాలి, అవి పట్టేసి ఉంటే షాక్ (వెనక సస్పెన్షన్) గట్టిగా ఉందని మనం పొరబడతాం. ఇంకోటి, ఇది ఎక్కువమంది పట్టించుకోరు, ముందు చక్రం తీసి మళ్లీ బిగించేటప్పుడు యాక్సిల్ టైట్ చేశాక రెండో వైపు పించ్ బోల్టులు (యాక్సిల్‌ని ఫోర్క్ కాలికి పట్టి ఉంచేవి) వదులుగానే ఉంచి, బండిని స్టాండ్ మీంచి దించి, ముందు బ్రేక్ పట్టుకుని హ్యాండిల్‌ని నాలుగైదుసార్లు గట్టిగా కిందకి నొక్కాలి. అప్పుడు ఆ వైపు ఫోర్క్ (ముందు సస్పెన్షన్) కాలు తనకు కావాల్సిన చోటుకి తనే జరుగుతుంది, ఆ తర్వాత బోల్టులు బిగించండి. ఇది చెయ్యకపోతే రెండు కాళ్లూ ఒకదానికొకటి వంకరగా ఉండి ఫోర్క్ రాసుకుంటూ దిగుతుంది. ఫోర్క్ మీద గాలి వదిలే స్క్రూలు ఉంటే, ఫోర్క్ చల్లగా ఉన్నప్పుడు, ముందు చక్రం గాల్లో ఉంచి తెరిచి మూసెయ్యండి, లోపల పేరుకున్న గాలి బయటికి పోతుంది. ఎయిర్ ఫోర్క్ (స్ప్రింగ్ బదులు గాలితో పనిచేసేది) అయితే మాత్రం ప్రెషర్ కూడా చల్లగా ఉన్నప్పుడే, దానికోసం ఇచ్చే చిన్న హై ప్రెషర్ పంపుతోనే చూడాలి, టైర్ పంపు దానికి పనికిరాదు.

ఇక సాగ్. బండిని స్టాండ్ మీద పెట్టి వెనక చక్రం నేలకి తగలకుండా చూసి, వెనక యాక్సిల్ నుంచి నిట్టనిలువుగా ఫెండర్ మీద ఒక గుర్తు పెట్టి అక్కడిదాకా కొలవండి. ఉదాహరణకి 610 మిల్లీమీటర్లు వచ్చిందనుకుందాం. తర్వాత బండిని కిందకి దించి, సీటు రెండుమూడుసార్లు నొక్కి వదిలి, బండి తన బరువుతో ఎంత కుంగిందో కొలవండి, 575 వస్తే తేడా 35, అది స్టాటిక్ సాగ్. ఇప్పుడు హెల్మెట్, బూట్లు, నీళ్ల బ్యాగు అన్నీ వేసుకుని మీరు ఎక్కండి. ఒకరు బండి పట్టుకోవాలి, ఇంకొకరు కొలవాలి, ఒక్కళ్లే చేస్తే లెక్క ఎప్పుడూ తప్పొస్తుంది. 505 వస్తే రైడర్ సాగ్ 105. దాదాపు 300 మిల్లీమీటర్ల ట్రావెల్ ఉన్న ఎండ్యూరో, మోటోక్రాస్ బళ్లకి రైడర్ సాగ్ 100 నుంచి 110 లోపు, స్టాటిక్ 30 నుంచి 40 లోపు ఉంటే బాగున్నట్టే. ట్రావెల్ తక్కువున్న బళ్లకి మొత్తం ట్రావెల్‌లో మూడోవంతు అని లెక్క వేస్కోండి. కూర్చుని కొలిచారా పెగ్స్ (కాళ్లు పెట్టే కడ్డీలు) మీద నిలబడి కొలిచారా అన్నది మాన్యువల్ ప్రకారం పొండి, ఏది చేసినా ప్రతిసారీ అదే చెయ్యాలి.

సాగ్ ఎక్కువ ఉంటే ప్రీలోడ్ పెంచాలి, అంటే స్ప్రింగ్‌ని ముందే ఇంకాస్త నొక్కి ఉంచాలి. షాక్ మీద మరలకి పట్టిన మట్టిని ముందు బ్రష్‌తో శుభ్రం చెయ్యండి, లేకపోతే ఆ ఇసుక మరల్ని తినేస్తుంది. చక్రం గాల్లో ఉంచి లాక్ రింగ్ వదులు చేసి, కాలర్‌ని (స్ప్రింగ్‌ని నొక్కే రింగ్) సి స్పానర్‌తో కిందకి తిప్పండి, ఒక చుట్టు తిప్పి మళ్లీ కొలవండి. ఉలి పెట్టి సుత్తితో కొట్టడం వద్దు, అల్యూమినియం రింగ్ పళ్లు పోతాయి.

అసలు విషయం ఇక్కడుంది. రైడర్ సాగ్ కరెక్టుగా వచ్చాక స్టాటిక్ సాగ్ మళ్లీ చూడండి. అది మరీ తక్కువ, ఇరవై లోపు ఉంటే స్ప్రింగ్ మీ బరువుకి మెత్తన అని అర్థం. బండి ఎత్తుగా నిలబడింది కాబట్టి స్ప్రింగ్ గట్టిది అనుకుంటారు, కాదు, మెత్తటి స్ప్రింగ్‌ని ప్రీలోడ్‌తో బాగా నొక్కేసి మీ బరువు మొయ్యమన్నారు కాబట్టి బండి ఖాళీగా ఉన్నప్పుడు అది కుంగడం లేదు. స్టాటిక్ మరీ ఎక్కువుంటే స్ప్రింగే గట్టిది. చాలా ఎండ్యూరో బళ్లకి కంపెనీ స్ప్రింగ్ 75 నుంచి 85 కిలోల రైడర్‌ని అనుకుని ఇస్తారు. మీరు 60 అయినా 100 అయినా ముందు డబ్బులు స్ప్రింగుల మీద పెట్టండి, ఫ్యాన్సీ పార్టుల మీద కాదు.

తర్వాత రీబౌండ్, అంటే నొక్కుకున్న సస్పెన్షన్ ఎంత వేగంగా తిరిగి లేస్తుందన్నది. ముందు ఇప్పుడున్న సెట్టింగ్ రాసుకోండి, స్క్రూని కుడివైపు మెల్లగా తిప్పుతూ క్లిక్కులు లెక్కపెట్టండి, పూర్తిగా మూసుకున్నాక ఒక్క పిసరు కూడా బలవంతం చెయ్యొద్దు, లోపల సూది పాడవుద్ది. అక్కణ్ణుంచి ఎన్ని క్లిక్కులు వెనక్కి అన్నదే మీ నంబరు. ఏ స్క్రూ ఎక్కడుందో మాన్యువల్లో చూడండి, కొన్ని ఫోర్కులకి రీబౌండ్ పైన, కొన్నిటికి కింద, డబ్ల్యూపీ కంపెనీ ఎక్స్‌ప్లోర్ ఫోర్క్ లాంటి వాటిల్లో ఒక కాల్లో కంప్రెషన్ ఇంకో కాల్లో రీబౌండ్ ఉంటాయి.

రీబౌండ్ మరీ స్పీడుగా ఉంటే గుంట దాటగానే వెనక భాగం తన్నుతుంది, బండి గంతులేస్తుంది. మరీ స్లో అయితే ఇంకో రకం సమస్య, వరసగా రాళ్లొస్తున్నప్పుడు ఒక దెబ్బకి నొక్కుకున్న సస్పెన్షన్ తిరిగి లేచేలోపే రెండో రాయి తగులుతుంది, ఇలా ఒక్కో దెబ్బకీ బండి ఇంకాస్త దిగిపోతుంది. మొదటి మూడు రాళ్లు బాగానే ఉండి ఏడో ఎనిమిదో రాయి దగ్గర దిమ్మ తిరిగేలా కొట్టిందంటే అది ఇదే, రీబౌండ్ రెండు క్లిక్కులు ఓపెన్ చెయ్యండి, అంటే ఎడమవైపు తిప్పండి. దీన్ని కంప్రెషన్ గట్టిగా ఉందని పొరబడి కంప్రెషన్ వదులు చేసేవాళ్లే ఎక్కువ, అప్పుడు బండి ఇంకా కిందకి దిగి ఇంకా గట్టిగా కొడుతుంది.

కంప్రెషన్‌లో లో స్పీడ్, హై స్పీడ్ అని రెండున్నాయి, ఆ స్పీడ్ బండిది కాదు, షాక్ రాడ్ కదిలే స్పీడ్. నెమ్మదిగా పోతూ నిలువు రాయిని గుద్దినా అది హై స్పీడే, బ్రేక్ వేస్తే ముందు వంగడం లో స్పీడ్. చిన్న చిన్న రాళ్ల మీద చేతులకి టకటకా కొడుతుంటే లో స్పీడ్ రెండు క్లిక్కులు ఓపెన్ చేసి చూడండి, పెద్ద రాయి తగిలినప్పుడు మాత్రమే గట్టిగా ఉంటే షాక్ మీది హై స్పీడ్ నట్టు పావు చుట్టు ఓపెన్ చెయ్యండి. ఒకసారికి ఒక్కటే మార్చాలి, ప్రతిసారీ అదే దారి ముక్క, అదే స్పీడ్. ఫోర్క్ ట్యూబ్‌కి ఒక జిప్ టై వదులుగా కట్టి సీల్ దగ్గరకి జరిపి పెట్టండి, రౌండ్ అయ్యాక అది ఎక్కడ ఆగిందో చూస్తే ట్రావెల్ ఎంత వాడారో తెలిసిపోతుంది. అన్నిటికంటే పెద్ద దెబ్బకి ఒకట్రెండు సెంటీమీటర్లు మిగిలితే భేష్. ఆరేడు సెంటీమీటర్లు మిగిలిపోతే గట్టిగా ఉన్నట్టు. ప్రతి గుంటకీ ఠప్‌మని అడుక్కి తగులుతుంటే కంప్రెషన్ కొంచెం పెంచండి, అప్పటికీ ఆగకపోతే ఫోర్క్‌లో ఆయిల్ లెవెల్ కొద్దిగా పెంచితే చివర్లో గట్టిపడుతుంది.

క్లిక్కర్లు అసలే లేని బళ్లకి సాగ్, స్ప్రింగ్, ఆయిల్ ఈ మూడే మన చేతిలో ఉన్నవి, ఫోర్క్ ఆయిల్ చిక్కనిది పోస్తే కంప్రెషన్, రీబౌండ్ రెండూ స్లో అవుతాయని గుర్తుపెట్టుకోండి. క్లిక్కర్లు ఉన్న బండిలో నాలుగైదు క్లిక్కులు అటూ ఇటూ తిప్పినా తేడా ఏమీ తెలియకపోతే సెట్టింగ్ వెతకడం ఆపెయ్యండి, లోపల ఆయిల్ పాడైపోయి బురదలా నల్లగా మారి ఉంటుంది, ముందు ఫోర్కూ షాకూ సర్వీస్ చేయించి మళ్లీ సాగ్ దగ్గర్నుంచి మొదలుపెట్టండి.