కొత్త వెర్షన్‌కు తొందర వద్దు

ఫోనులో ఆపరేటింగ్ సిస్టం కొత్త వెర్షన్ వచ్చిందని కనబడగానే నొక్కేయకండి. పెద్ద మార్పు అయితే నేను తొలి సవరణ వచ్చేదాకా ఆగుతాను. మొదటి వారాల్లో బయటపడే లోపాలు చాలావరకు అందులో సర్దుకుంటాయి. భద్రతా ప్యాచ్‌లు, అంటే భద్రతా లోపాలను పూడ్చే చిన్న అప్‌డేట్‌లు వేరు, వాటిని వాయిదా వేయవద్దు. ముందు బ్యాకప్ మాత్రం తప్పనిసరి, పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లాలంటే సాధారణంగా డేటా అంతా తుడిచిపెట్టాల్సిందే.

అప్‌డేట్ అయ్యాక ఒకటి రెండు రోజులు ఫోను వేడెక్కినా, ఛార్జింగ్ త్వరగా దిగిపోయినా కంగారు పడకండి. లోపల యాప్‌లను, ఫోటోలను కొత్తగా సర్దుకుంటూ ఉంటుంది. కిందటిసారి నా ఫోను సాయంత్రానికే 15 శాతానికి పడిపోయింది. రాత్రంతా ఛార్జర్‌కు పెట్టి, వైఫై ఆన్‌లో ఉంచి వదిలేశాను; మూడో రోజుకు మామూలైంది. అప్పటికీ తగ్గకపోతే సెట్టింగ్స్‌లో బ్యాటరీ వాడకం తెరిచి, పై వరుసలో ఉన్న యాప్‌ను అప్‌డేట్ చేయండి.