కంప్రెసర్ ట్రిప్ లూపులో హార్డ్‌వేర్ ఫాల్ట్ టాలరెన్స్: లెక్కించే పద్ధతి, నిలబెట్టుకునే పద్ధతి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరంలోని రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో, శీతల గిడ్డంగుల్లో అమ్మోనియా కంప్రెసర్లు నడుస్తుంటాయి. కండెన్సింగ్ ఉష్ణోగ్రత 40 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు డిశ్చార్జి పీడనం గేజ్ మీద సుమారు 14.5 బార్ ఉంటుంది. రోహిణి కార్తె ఎండల్లో కండెన్సర్‌కు నీరు తగ్గినా, ఫ్యాన్ ఆగినా అది త్వరగా పైకి పోతుంది. అటువంటప్పుడు మోటారును ఆపే హై ప్రెషర్ ట్రిప్ లూపును (పీడనాన్ని కొలిచే సెన్సర్లు, నిర్ణయం తీసుకునే లాజిక్, మోటారును ఆపే స్విచ్చులు కలిసిన రక్షణ వలయం) ఉదాహరణగా తీసుకొని, అందులో ఒక భాగం చెడిపోయినా భద్రతా చర్య తప్పకుండా జరిగేలా ఎలా అమర్చాలో, ఆ అమరిక ఏళ్ల తరబడి ఎలా నిలవాలో ఇక్కడ వివరిస్తున్నాను. సేఫ్టీ వాల్వ్ ఈ లూపుతో సంబంధం లేని మరో రక్షణ. అది ఉందన్న ధీమాతో లూపును తేలికగా తీసుకోకూడదు.

ముందుగా లెక్క. ఒక ఉపవ్యవస్థలో ఎన్ని ప్రమాదకర లోపాలు (అవసరమైనప్పుడు ట్రిప్ జరగనివ్వని లోపాలు) వచ్చినా భద్రతా చర్య ఇంకా జరుగుతుందో ఆ సంఖ్యే దాని హార్డ్‌వేర్ ఫాల్ట్ టాలరెన్స్. ఒకే ట్రాన్స్‌మిటర్ (పీడనాన్ని కొలిచి విద్యుత్ సిగ్నల్‌గా పంపే సెన్సర్) ఉంటే అది సున్నా. రెండింటిలో ఏ ఒక్కటి చెప్పినా ట్రిప్ అయ్యే అమరికలో ఒకటి. రెండూ చెబితేనే ట్రిప్ అయ్యే అమరికలో, పరికరాలు రెండు ఉన్నప్పటికీ, మళ్లీ సున్నాయే. మూడింటిలో ఏ రెండు చెప్పినా ట్రిప్ అయ్యే ‘మూడింట రెండు’ ఓట్ల పద్ధతిలో ఒకటి. ఈ లెక్కను సెన్సర్లకు, లాజిక్‌కు, మోటారును ఆపే విద్యుత్ స్విచ్చులైన కాంటాక్టర్లకు వేర్వేరుగా వేయాలి. మూడు ట్రాన్స్‌మిటర్లు పెట్టి చివర ఒకే కాంటాక్టర్‌ను వదిలేస్తే మొత్తం లూపు విలువ సున్నా.

ఎంత కావాలో ప్లాంట్ల భద్రతా లూపులకు వర్తించే అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61511 చెబుతుంది. లూపు ఎంత నమ్మదగినదిగా ఉండాలో చెప్పే స్థాయిని అందులో సిల్ అంటారు, అంకె పెరిగేకొద్దీ కఠినం. దాని 2016 నాటి రెండో కూర్పు ప్రకారం సిల్ 1కు సున్నా చాలు, సిల్ 3కు కనీసం ఒకటి ఉండాలి. సిల్ 2 విషయంలో జాగ్రత్త అవసరం: ట్రిప్ అవసరమయ్యే సందర్భాలు ఏడాదికి ఒకటికి మించకపోతే సున్నా చాలుతుంది, మించితే ఒకటి తప్పనిసరి. కాబట్టి హజాప్ (ప్రమాద అవకాశాల అధ్యయనం) నివేదికలోని ఊహను అలాగే ఉంచుకోకుండా లాగ్‌బుక్ తెరిచి, నిజమైన అధిక పీడనం వల్ల కంప్రెసర్ గత వేసవుల్లో ఎన్నిసార్లు ట్రిప్ అయిందో లెక్కపెట్టాలి. మన వేడికి ఆ సంఖ్య ఒకటిని దాటడం కష్టమేమీ కాదు.

సెన్సర్ల వైపు నేను మూడింట రెండు పద్ధతినే సిఫారసు చేస్తాను. రెండింట ఒకటి పద్ధతికి కూడా అదే ఫాల్ట్ టాలరెన్స్ వస్తుంది, ఖర్చూ తక్కువే. కానీ ఒక ట్రాన్స్‌మిటర్ తప్పుగా ఎక్కువ పీడనం చూపిన ప్రతిసారీ ప్లాంటు ఆగుతుంది. పట్టుబడి రోజుల్లో ఫ్రీజర్ నిండా సరుకు ఉండగా ఇలా రెండుసార్లు జరిగితే మూడోసారి ఎవరో ఒకరు ట్రిప్ పనిచేయకుండా ప్యానెల్‌లో జంపర్ వైరు వేస్తారు. అనవసరపు ట్రిప్పులను తగ్గించడం అందుకే భద్రతలో భాగం.

అసలు ప్రశ్న మూడు పరికరాలు కొన్నామా అన్నది కాదు, ఆ మూడూ ఒకే కారణంతో ఒకేసారి చెడిపోయే దారి ఎక్కడుంది అన్నది. ఒక లెక్క చూద్దాం. పరికరంలో బయటికి తెలియని ప్రమాదకర లోపం వచ్చే రేటు గంటకు పది లక్షల్లో ఒక వంతు అనీ, పరీక్ష ఏడాదికి ఒకసారి అంటే 8,760 గంటలకు జరుగుతుందనీ అనుకుంటే, ఒకే ట్రాన్స్‌మిటర్ అవసరానికి పనిచేయకపోయే సగటు సంభావ్యత సుమారు 0.0044. మూడింట రెండు పద్ధతిలో మూడూ పూర్తిగా స్వతంత్రమైతే అది 0.00008కి దిగుతుంది. కానీ లోపాల్లో 5 శాతం ఉమ్మడి కారణాల వల్ల వస్తాయని తీసుకుంటే ఆ ఒక్క పద్దే 0.00022 అవుతుంది, మొత్తం 0.0003కు చేరుతుంది. మిగిలిన ప్రమాదంలో ఇంచుమించు నాలుగింట మూడు వంతులు ఉమ్మడి కారణానిదే. నాలుగో ట్రాన్స్‌మిటర్ కొన్నా ఆ పద్దు అలాగే ఉంటుంది, విడదీస్తేనే తగ్గుతుంది.

విడదీయడం టాపింగ్ దగ్గర, అంటే ప్రధాన గొట్టం నుంచి పీడనాన్ని కొలవడానికి తీసే రంధ్రం దగ్గర మొదలవుతుంది. ఒకే రూట్ వాల్వ్ (టాపింగ్‌ను మూసే వాల్వ్) నుంచి ఒకే ఇంపల్స్ గొట్టం (పీడనాన్ని ట్రాన్స్‌మిటర్ దాకా చేర్చే సన్న గొట్టం) తీసి దానికి మూడు ట్రాన్స్‌మిటర్లు బిగించిన అమరికలో, ఆ వాల్వ్ మూసి ఉన్నా, గొట్టంలో కంప్రెసర్ ఆయిల్ మడ్డి పేరుకున్నా మూడూ ఏకగ్రీవంగా తప్పు చెబుతాయి, పోల్చి చూసే లాజిక్‌కు తేడా కనిపించదు. మూడు టాపింగులు, మూడు రూట్ వాల్వులు, మూడు కేబుళ్లు, వీలైతే వేర్వేరు జంక్షన్ బాక్సులు ఉండాలి. ఉప్పుగాలి, ఈశాన్య రుతుపవనాల వాన కలిసి మన తీరంలో జంక్షన్ బాక్సులను త్వరగా తినేస్తాయి గనుక కేబుల్ ప్రవేశం కింది వైపు నుంచి ఉండాలి, కేబుల్ లోపలికి వెళ్లే చోట బిగించే గ్లాండ్లు బిగుతుగా ఉండాలి, వాడని రంధ్రాలను ప్లగ్గులతో మూయాలి. తడి వల్ల మరో చిక్కు కూడా ఉంది. 24 వోల్టుల డీసీ సర్క్యూట్‌ను ఎర్త్ చేయకుండా వదిలేస్తే, రెండు చోట్ల ఎర్త్ లోపం వచ్చినప్పుడు ట్రిప్ కాంటాక్ట్ తెరుచుకున్నా దాన్ని చుట్టి కరెంటు ప్రవహించి కాంటాక్టర్‌ను పట్టి ఉంచే కాయిల్ పట్టుకునే ఉండవచ్చు. మైనస్ వైపు ఎర్త్ చేసి, కాయిల్‌ను ఆ వైపు కలిపి, ట్రిప్ కాంటాక్టులనూ ఫ్యూజునూ ప్లస్ వైపు ఉంచితే మొదటి లోపానికే ఫ్యూజ్ పోయి కంప్రెసర్ ఆగుతుంది.

లాజిక్‌కు ధ్రువీకరణ ఉన్న సేఫ్టీ పీఎల్‌సీని (భద్రతా లాజిక్‌ను నడిపే పారిశ్రామిక కంప్యూటర్) వాడి, తయారీదారు సేఫ్టీ మాన్యువల్‌లోని షరతులను పాటిస్తే సరిపోతుంది. ప్రోగ్రాంలో ఒక్క విషయం మాత్రం స్వయంగా చూసుకోవాలి. అధిక పీడనానికి ట్రిప్ అయ్యే లూపులో ట్రాన్స్‌మిటర్ చెడి, మామూలుగా 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల మధ్య ఉండే సిగ్నల్ 3.6కు పడిపోతే, లాజిక్ దాన్ని తక్కువ పీడనంగా చదివి ఎన్నటికీ ట్రిప్ ఓటు వేయదు. 3.6 లేదా అంతకు తక్కువైనా, 21 లేదా అంతకు ఎక్కువైనా లోపంగా గుర్తించి దాన్ని ట్రిప్ ఓటుగా లెక్కించాలి. అప్పుడు మిగిలిన రెండూ రెండింట ఒకటిగా పనిచేస్తాయి. చెడినదాన్ని లెక్కలోంచి తీసేస్తే మాత్రం అవి రెండింట రెండుగా మారి ఫాల్ట్ టాలరెన్స్ సున్నా అవుతుంది. మరమ్మతు 72 గంటల్లో పూర్తవుతుందని లెక్కలో రాసుకుంటే, విడి ట్రాన్స్‌మిటర్ చెన్నై నుంచి రావలసినది కాకుండా స్టోరులో ఉండాలి.

మోటారు వైపు రెండు కాంటాక్టర్లను వరుసలో పెట్టి, ఒక్కోదానికి వేరు అవుట్‌పుట్ ఇవ్వాలి. రెండింటి మిర్రర్ కాంటాక్టులనూ (ప్రధాన కాంటాక్టులు నిజంగా విడిపోయాయో లేదో చూపే సహాయక కాంటాక్టులు) లాజిక్ చదివి, ఏ ఒక్కటి అతుక్కుపోయినా మళ్లీ స్టార్ట్ కాకుండా అడ్డుకోవాలి. లేకపోతే ఒకటి చెడిన సంగతి రెండోది కూడా చెడేదాకా తెలియదు. షార్ట్ సర్క్యూట్ కరెంటు రెండింటి గుండానూ పోతుంది కాబట్టి అటువంటి ఘటన తర్వాత రెండింటినీ విప్పి చూడకుండా కంప్రెసర్‌ను నడపకూడదు. పవర్ సప్లైలు రెండు పెట్టడం మంచిదే కానీ, కరెంటు పోతే ఆగే లూపులో రెండో సప్లై అనవసరపు ట్రిప్పులను తగ్గిస్తుందే తప్ప ఫాల్ట్ టాలరెన్స్‌ను పెంచదు.

ఇంగ్లండ్‌లోని బన్స్‌ఫీల్డ్ చమురు డిపోలో 2005 డిసెంబరు 11న ట్యాంకు పొంగి పేలుడు జరిగింది. అక్కడ లెవెల్ గేజ్ ఇరుక్కుపోయింది, దానికి తోడుగా విడిగా పెట్టిన హై లెవెల్ స్విచ్ కూడా పనిచేయలేదు. పరీక్ష లీవర్‌ను సరైన స్థితిలో పట్టి ఉంచే తాళం దానికి వేయలేదు. రెండు రక్షణలూ కాగితం మీద ఉన్నాయి. అందువల్ల పరీక్షను ఒక్కో ఛానెల్‌కు విడివిడిగా, టెర్మినల్ దగ్గర మిల్లీ ఆంపియర్లు ఇచ్చి కాకుండా హ్యాండ్ పంపుతో ట్రాన్స్‌మిటర్‌కు నిజమైన పీడనం ఇచ్చి చేయాలి. ఆ పరీక్ష ఇంపల్స్ గొట్టాన్ని చూడదు కాబట్టి దాన్ని విడిగా శుభ్రం చేసి, దారి తెరిచి ఉందని నిర్ధారించాలి. మూడు ట్రాన్స్‌మిటర్లనూ ఒకే రోజున ఒకే వ్యక్తి ఒకే గేజ్‌తో సరిచేస్తే గేజ్‌లోని తప్పు మూడింటికీ ఎక్కుతుంది. కాబట్టి తేదీలను ఎడం చేయాలి. కాంటాక్టర్లు నిజంగా విడిపోయాయో లేదో ఒక్కోదాన్నీ వేరుగా ఆపి చూడాలి. పని ముగిశాక రూట్ వాల్వులను తెరిచి, సీలు వేసి, సీలు నంబరును రిజిస్టరులో నమోదు చేసి, పరీక్ష చేయని మరొకరు వాల్వ్ దగ్గరకు వెళ్లి చూసి సంతకం చేసిన తర్వాతే పరీక్ష వేళ ట్రిప్‌ను తాత్కాలికంగా పక్కన పెట్టే బైపాస్ తాళంచెవిని షిఫ్ట్ ఇన్‌చార్జికి తిరిగి ఇవ్వాలి.