రోజువారీ తిండిలో జంక్ ఏది? ఇంట్లోనే తేల్చుకునే పద్ధతి

జంక్ ఫుడ్ అనగానే మనవాళ్లకి పిజ్జా, బర్గర్ గుర్తొస్తాయి. నెల్లూరు మాగుంట లేఔట్‌కి పోయి నెలకోసారి పిజ్జా తినొచ్చిన పిల్లల్ని ఇంట్లో అందరూ కలిసి తిడతారు. తిట్టే పెద్దాయన మాత్రం పొద్దున టీలో నాలుగు బిస్కెట్లు ముంచుకుని, సాయంత్రం ఇంకో నాలుగు ముంచుకుని, మధ్యలో ఎవరింటికైనా పోతే మర్యాదకి ఒక గ్లాసు కూల్‌డ్రింక్ తాగి, నేను బయటి తిండి ముట్టనబ్బా అంటాడు. నెలాఖరున లెక్క తీస్తే ఆ ఇంట్లో ఎక్కువ జంక్ తిన్నది ఆయనే. అందుకని ఏది జంకో తేల్చుకోవాలంటే అది ఎక్కడ అమ్ముతున్నారు, ఏ దేశం నుంచి వచ్చింది అనే గొడవ వదిలేయండి. చూడాల్సినవి మూడు. అందులో ఏముంది, ఎన్నిసార్లు తింటున్నాం, అది తిన్నందువల్ల ఇంకేం తినకుండా పోతున్నాం. మూడోదాన్ని ఎవరూ పట్టించుకోరు, నా లెక్కలో అదే పెద్దది.

ముందు ఒక వారం రాసుకోండి. అన్నం, కూర, టిఫిన్ రాయక్కర్లేదు, అవి ఎటూ గుర్తుంటాయి. వాటి మధ్యలో ఇంట్లో ఎవరి నోట్లో ఏం పడినా ఫోన్‌లో ఒక ముక్క రాసిపెట్టండి: ఆఫీసులో టీతో తిన్న కేక్ ముక్క, పిల్లాడు అంగడి నుంచి తెచ్చుకున్న ఐదు రూపాయల ప్యాకెట్, టీవీ ముందు కూర్చుని ఖాళీ చేసిన మిక్చర్, బస్టాండులో కొన్న కూల్‌డ్రింక్, అన్నీ. వారం తర్వాత చూస్తే మూడు నాలుగు రకాలే మళ్లీ మళ్లీ కనపడతాయి. మీరు పట్టుకోవాల్సింది వాటినే. ఆదివారం బిరియాని తిన్నందుకు రెండు రోజులు బాధపడి, రోజూ రెండు పూటలా నడిచే బిస్కెట్ ప్యాకెట్‌ని వదిలేస్తే ఏం లాభం?

ప్యాకెట్ వెనక్కి తిప్పండి

ప్యాకెట్ ముందు వైపు ఉండేదంతా ప్రకటనే. గోధుమ కంకులు, పాల ధార, పరిగెత్తే పిల్లాడి బొమ్మ, ఇవేవీ చూడొద్దు, నేరుగా వెనక్కి తిప్పండి. అక్షరాలు మరీ చిన్నవి, పైగా ఎక్కువ ఇంగ్లీషులోనే ఉంటాయి, కాబట్టి ఫోటో తీసి పెద్దది చేసి చూడండి, కళ్లజోడు మర్చిపోయిన తాతయ్యలు మనవడితో చదివించుకోండి, వాడికీ తెలిసొస్తుంది.

పదార్థాల పేర్లు ఇష్టమొచ్చిన వరుసలో వేయరు. ఏది ఎక్కువ బరువుందో అది ముందు రావాలి, తర్వాత దానికంటే తక్కువది, అలా రావాలన్నది మన దేశంలో రూల్. కాబట్టి మొదటి మూడు పేర్లు చదివితే సగం కథ తెలిసిపోతుంది. మైదా, పామాయిల్, చక్కెర మొదటి మూడు చోట్లా కూర్చుంటే ఆ వస్తువు పేరులో ఓట్స్ ఉన్నా, బాదం ఉన్నా, తేనె ఉన్నా అది మైదా, నూనె, చక్కెరే. మైదా అని సూటిగా రాయకుండా రిఫైన్డ్ వీట్ ఫ్లోర్ అని రాస్తారు, పామాయిల్‌ని పామోలిన్ అంటారు, చక్కెరకైతే గ్లూకోజ్ సిరప్, ఇన్వర్ట్ సిరప్, డెక్స్‌ట్రోజ్ అని ఇంకా చాలా ముసుగులున్నాయి. ఒకే ప్యాకెట్ మీద వీటిలో మూడు కనపడితే, చక్కెరని ముక్కలు చేసి వరుసలో కిందికి దించారేమో అని అనుమానించాల్సిందే.

తర్వాత పోషకాల పట్టిక. అక్కడ రెండు లెక్కలుంటాయి, వంద గ్రాములకి ఇంత, ఒక సర్వింగ్‌కి ఇంత అని. సర్వింగ్ లెక్క చూసి మోసపోకండి, సర్వింగ్ అంటే రెండు మూడు బిస్కెట్లు, మన ఇళ్లలో రెండు బిస్కెట్లతో ఆపేవాళ్లని నేనైతే చూడలేదు. వంద గ్రాముల లెక్కే పోల్చుకోవడానికి పనికొస్తుంది. మామూలు గ్లూకోజ్ బిస్కెట్‌లో దాదాపు నాలుగో వంతు చక్కెరే, అంటే ఎనిమిది చిన్న బిస్కెట్లు తింటే రెండు చెంచాల చక్కెర లోపలికి పోయినట్టు, టీలో వేసుకున్నది కాక. ఆలూ చిప్స్‌లో మూడో వంతు వరకు నూనె. పావు లీటరు కోలాలో పాతిక గ్రాముల పైనే చక్కెర ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి విడిగా కలిపే చక్కెర రోజు మొత్తానికి యాభై గ్రాములు దాటొద్దని, పాతిక లోపు ఉంటే ఇంకా మంచిదని చెప్తుంది. అంటే పాతిక లెక్కన చూస్తే ఆ ఒక్క సీసాతోనే ఆ రోజు కోటా అయిపోయింది, ఇక టీలో చక్కెర కూడా వేసుకోకూడదు.

ఉప్పు లెక్క కొంచెం తిరకాసు. ప్యాకెట్ మీద ఉప్పు అని ఉండదు, సోడియం అని మిల్లీగ్రాముల్లో ఉంటుంది. దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు వస్తుంది. రోజుకి సోడియం 2000 మిల్లీగ్రాములు దాటొద్దు, అంటే ఐదు గ్రాముల ఉప్పు, ఒక టీ స్పూన్ అంత. ఊరగాయ, అప్పడం, వడియం లేకుండా ముద్ద దిగని మనకి ఆ కోటా ఇంటి తిండితోనే నిండుతుంది, దాని మీద నూడుల్స్ ప్యాకెట్లో ఇచ్చే మసాలా పొట్లం, సాయంత్రం చిప్స్ అదనం. బీపీ ఉన్నవాళ్లు ముందు చూడాల్సిన అంకె ఇదే.

ఇంకో గుర్తు కూడా ఉంది. బ్రెజిల్‌లో కార్లోస్ మోంటెరో అనే ఆయన, ఆయన బృందం తిండిని ఎంత ఫ్యాక్టరీ పని జరిగిందనే దాన్నిబట్టి నాలుగు రకాలుగా విడగొట్టారు, ఆఖరి రకాన్ని అల్ట్రా ప్రాసెస్డ్ అంటారు. మన వంటింట్లో ఎప్పుడూ ఉండని సరుకు అందులో ఉంటుంది: పిండి నుంచి తీసే మాల్టోడెక్స్‌ట్రిన్, నూనె, నీళ్లు విడిపోకుండా పట్టి ఉంచే ఎమల్సిఫయర్లు, కృత్రిమ ఫ్లేవర్లు, రంగులు, రుచి పెంచే పొడులకి వేసే 627, 631 లాంటి నంబర్లు. ఆ నంబర్లన్నీ విషమని కాదు. నాలుగు కాసులు ఖర్చయ్యే పిండిని నోరు వదలని రుచిగా మార్చడానికి అవి కావాలి, అదీ సంగతి. 2019లో అమెరికాలో కెవిన్ హాల్ బృందం ఇరవై మందిని ఒకచోట ఉంచి రెండు వారాలు ఇలాంటి తిండి, రెండు వారాలు మామూలు వంట పెట్టి చూసింది, కావాల్సినంత తినమంది. వడ్డించిన తిండిలో చక్కెర, కొవ్వు, ఉప్పు, పీచు సమానంగానే ఉన్నా, ఫ్యాక్టరీ తిండి పెట్టిన రోజుల్లో వాళ్లు రోజుకి దాదాపు ఐదు వందల కేలరీలు ఎక్కువ తిన్నారు, రెండు వారాల్లో కిలో దగ్గరగా బరువు పెరిగారు. ఒక్కటి తిని ఆపుదామనుకుని ప్యాకెట్ ఖాళీ చేయడం మీ బలహీనత ఒక్కటే కాదన్నమాట.

అట్లాగని ప్యాకెట్లో వచ్చిందల్లా జంక్ అనుకోవద్దు. పాల ప్యాకెట్, పెరుగు, ఇడ్లీ రవ్వ, పుట్నాల పప్పు, అయోడైజ్డ్ ఉప్పు, ఇవన్నీ ప్యాకెట్లోనే వస్తాయి.

బండి మీద తిండి సంగతి

ఇక్కడే చాలామంది తికమకపడతారు. కారం దోశ జంకా? బియ్యం, మినప్పప్పు నానబెట్టి రుబ్బి, పులియబెట్టి, పెనం మీద వేసి ఎర్ర కారం పూసింది జంక్ ఎట్లా అవుతుందబ్బా. నూనె ఎక్కువ పోస్తే తక్కువ పొయ్యన్నా అని చెప్పొచ్చు, ఎదురుగానే కదా వేస్తున్నాడు. పులిబొంగరాలూ అంతే. నెల్లూరు చేపల పులుసు గురించి అసలు అడగొద్దు, చింతపండు, మామిడికాయ, చేప, అందులో జంక్ వెతకడం పాపం.

బజ్జీలు, పునుగులు వేరే లెక్క. శనగపిండి, మిరపకాయలతో గొడవేం లేదు, గొడవంతా నూనెతో. కాగిన నూనెనే మళ్లీ మళ్లీ కాచితే అది చెడిపోతుంది, అందుకే వేపుడు నూనెలో చెడిన భాగం పాతిక శాతం దాటితే వాడకూడదని మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పరిమితి పెట్టింది. బండి దగ్గర మనం పరీక్ష చేయలేం, చూడగలం మాత్రం: నూనె నల్లగా చిక్కగా ఉందా, మంట తక్కువున్నా పొగ వస్తోందా, బజ్జీ వేయగానే నురగ మూకుడు అంచుదాకా లేస్తోందా. వీటిలో ఏది కనపడినా ఆ పూటకి వదిలేసి ముందుకి పోండి. ఇంకోటి, వార్తాపత్రిక ముక్కలో బజ్జీ పెట్టి నూనె పిండుకుని తినడం మనకి పెద్ద ఆరోగ్య సూత్రం లాగా అయిపోయింది, ఆ ఇంకు తిండికి అంటుతుంది, అందుకే పేపర్లో కట్టివ్వకూడదని నిబంధన కూడా ఉంది. విస్తరాకు ముక్క అడగండి, లేకపోతే స్టీలు డబ్బా పట్టుకుపోండి. వారానికి ఒక సాయంత్రం బజ్జీ తింటే నేనేమీ అనను. రోజూ సాయంత్రం అంటే మాత్రం అది జంకే, వేసేది మీ మేనత్తే అయినా.

రాత్రిపూట నూడుల్స్, ఫ్రైడ్ రైస్ బండ్లకి మాత్రం నా ఓటు లేదు. మైదా నూడుల్స్, సాసులు, పిడికెడు ఉప్పు, పేరుకి నాలుగు క్యాబేజీ ముక్కలు, అది తిన్న రోజు ఇంట్లో పప్పూ కూరా మిగిలిపోతాయి. పైన చెప్పిన మూడో ప్రశ్న ఇదే.

మలై కాజా, మైసూర్‌పాక్ సంగతి ఒక్క మాటలో అయిపోతుంది. అవి చక్కెర, నెయ్యి అని అందరికీ తెలుసు, తెలిసే తింటాం, ఎవరూ వాటిని ఆరోగ్యం అని అమ్మరు. పండక్కి, పెళ్లికి, ఒంగోలు నుంచి చుట్టం వచ్చినప్పుడు తినండి, ఫ్రిజ్‌లో డబ్బా నిల్వ పెట్టకండి.

మంచిదనే పేరుతో వచ్చేవి

అసలు జాగ్రత్త పడాల్సింది వీటి దగ్గర. పిల్లల పాలల్లో కలిపే పొడుల్లో మూడో వంతు దాకా చక్కెర ఉన్నవి ఉన్నాయి. మన ఆహార చట్టంలో హెల్త్ డ్రింక్ అనే రకమే లేదు, 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకందారులకి ఆ పేరు కింద అలాంటి డ్రింకులు పెట్టొద్దని చెప్పింది కూడా. పాలు పాలుగానే ఇవ్వండి, పొడి లేకపోతే తాగనని మారాం చేస్తే రాగి జావలో కొంచెం బెల్లం వేసి ఇవ్వండి, బెల్లం కూడా చక్కెర లెక్కలోకే వస్తుందని గుర్తుపెట్టుకుని.

మన ఎండలకి ఇంకోటి బాగా అమ్ముడుపోయేది, పేరులో ఓఆర్‌ఎస్ పెట్టుకుని పండ్ల రుచితో వచ్చిన డబ్బాలు. విరేచనాలప్పుడు ఒంట్లోంచి పోయిన నీళ్లు, లవణాలు తిరిగి రావడానికి తాగించే అసలు ఓఆర్‌ఎస్‌లో లీటరు నీళ్లకి పదమూడున్నర గ్రాముల గ్లూకోజ్, దాంతో పాటు కొలతగా ఉప్పులు ఉంటాయి, ఈ తీపి డబ్బాల్లో చక్కెర దానికి ఎన్నో రెట్లు. విరేచనాలయ్యే పిల్లలకి అవి పడితే మంచి జరక్కపోగా విరేచనాలు ఎక్కువయ్యే ప్రమాదం ఉంది. హైదరాబాద్ డాక్టరమ్మ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీని మీద పోరాడారు, 2025 అక్టోబర్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి డ్రింకుల పేర్లలో ఓఆర్‌ఎస్ అనే మాటే వాడకూడదని చెప్పింది. మందుల షాపులో అడిగేటప్పుడు నీళ్లలో కలుపుకునే పొడి ప్యాకెట్ ఇవ్వన్నా అని స్పష్టంగా అడగండి. మామూలు దాహానికైతే పొదలకూరు నిమ్మకాయలు మన పక్కనే ఉండగా రంగు నీళ్ల సీసా ఎందుకో నాకు అర్థం కాదు, ఒక కాయ పిండి, చిటికెడు ఉప్పు వేస్తే అయిపోయే పని.

మిల్లెట్ బిస్కెట్లు కూడా ఇదే వరుస. కనిగిరి, దర్శి వైపు సజ్జ రొట్టె, జొన్న సంకటి తిని బతికిన అవ్వల మనవళ్లకి ఇప్పుడు రంగు డబ్బాలో మిల్లెట్ కుకీలు అమ్ముతున్నారు, వెనక్కి తిప్పితే చాలాసార్లు సజ్జపిండి కంటే మైదా, చక్కెరే ముందుంటాయి. శాతం ఎంతో చూడండి, ముందు వైపు పెద్ద అక్షరాల్లో రాసిన దినుసు శాతం వెనకాల వేసి తీరాలి.

ఇంట్లో ఏం మార్చాలి

పిల్లల దగ్గర మొదలుపెట్టండి కానీ పిల్లల మీద అరవడంతో కాదు. ప్యాకెట్లు కొనిచ్చేది ఎవరో చూడండి, తొంభై పాళ్లు తాతే. సాయంత్రం అంగడి ముందు వేలాడే దండల్లోంచి ఒకటి తెంపించి ఇవ్వడం ఆయనకి ముద్దు, ఐదింటికి అది తిన్న పిల్లాడు రాత్రి అన్నం దగ్గర మారాం చేస్తే అమ్మకి టెన్షన్. తాతని కాదనకుండా ఆయన చేతికే వేరేది అప్పగించండి: తాతా, వీడికి రోజూ ఒక అరటిపండో జామకాయో మీరే కొనివ్వండి, ప్యాకెట్ శనివారం ఒక్కరోజే అని. ఆయన మాటైతే వాడు వింటాడు. బడి గేటు ముందు ఏం అమ్ముతున్నారో కూడా ఒకసారి చూసిరండి, కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్న తిండి బడిలో గానీ గేటు నుంచి యాభై మీటర్ల లోపు గానీ అమ్మకూడదని 2020లో చేసిన నిబంధన ఉంది, పేరెంట్స్ మీటింగులో హెడ్‌మాస్టర్ గారిని అడగడానికి అది పనికొస్తుంది.

టీ బిస్కెట్ల బదులు ఏంది అంటే, ఉడకబెట్టిన శనక్కాయలు, గుగ్గిళ్లు, ఉల్లిపాయ తరిగి నిమ్మకాయ పిండిన బొరుగులు. ప్రకాశం జిల్లాలో ఇంత శనగ పండుతుంటే శనగ గుగ్గిళ్లు వినాయక చవితికో శ్రావణ శుక్రవారానికో తప్ప గుర్తురావు మనకి. రాత్రి గుప్పెడు నానేస్తే మర్నాడు సాయంత్రానికి కుక్కర్లో నాలుగు విజిల్స్, తాలింపు, పావుగంట పని. కాలంలో అయితే ఉలవపాడు మామిడి, సపోటా చేతికందే దూరంలోనే ఉంటాయి, షుగర్ ఉన్నవాళ్లు ఎంత తినొచ్చో డాక్టర్ని అడిగి తినండి.

అన్నీ ఒకేసారి ఆపకండి, వారం తిరక్కముందే మొత్తం గాలికి పోతుంది. రాసుకున్న జాబితాలో ఎక్కువసార్లు వచ్చినదాన్ని ఒక్కదాన్ని తీసి, దాన్ని ఇంట్లో నిల్వ పెట్టడం మానేయండి. తినాలనిపిస్తే అంగడిదాకా నడిచి ఒక చిన్నది కొనుక్కుని అక్కడే తినొచ్చు, దానికి అడ్డు లేదు. నెల సరుకుల్లో పెద్ద ప్యాకెట్ మాత్రం రాయొద్దు, ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్నా సరే. అది అలవాటయ్యాక రెండోదాని సంగతి చూడండి, కూల్‌డ్రింకులు తాగే ఇల్లయితే రెండోది అదే అవ్వాలి.