థాయ్‌లాండ్ చిన్న ఊళ్లలో మంచి కాఫీ – 4వ పాఠం: ‘క’ పలికిన చోట ‘ఖ’ పలికితే

ఈ వారం గింజలు వేయించే దుకాణాల గురించి రాయాల్సింది. అది వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. మూడో పాఠాన్ని నమ్ముకుని దక్షిణ థాయ్‌లాండ్‌లోని త్రంగ్ పట్టణానికి వెళ్లిన ముగ్గురి ఉత్తరాలు చదివాక, ముందు దాన్ని సరిదిద్దక తప్పదు.

ఇద్దరి అనుభవం ఒకటే. కప్ప తలలాంటి ముందుభాగం ఉండే అక్కడి టుక్‌టుక్ ఎక్కి ఊరు దాటి చాలా దూరం వెళ్లారు. తోటల మధ్య చెరువు, దాని మీద వెదురు వంతెన, ఒక ఉయ్యాల, పొడవాటి గ్లాసులో శంఖుపూల నీలం పానీయం. ఫోటోలు చక్కగా వచ్చాయట, కాఫీ మాత్రం సగం వదిలేశారు. మూడో ఆయన నేను చెప్పిన పాత దుకాణానికే చేరారు గానీ మధ్యాహ్నం రెండు గంటలకు చేరారు. తలుపులు మూసి ఉన్నాయి.

తప్పు నాదే. థాయి లిపిలో మాటను నకలు చేసుకుని గూగుల్ మ్యాప్స్‌లో వెతకమన్నాను. ఏ మాటో, ఎందుకో విడమరచలేదు.

థాయి భాషలో కాఫీని ‘కాఫ్యా’ అంటారు. ‘బ్యాంకు’లో ‘బ్యా’ ఎలా పలుకుతామో ‘ఫ్యా’ అలా పలకాలి. ‘రాన్’ అంటే దుకాణం, కాబట్టి ‘రాన్ కాఫ్యా’ అంటే కాఫీ దుకాణం. ‘ఖాఫే’ వేరే మాట, ఫ్రెంచి నుంచి వచ్చింది. మొదటిదానిలో క, రెండోదానిలో ఒత్తు ఖ. థాయి లిపిలో రెండూ వేర్వేరు అక్షరాలతో మొదలవుతాయి. ఇంగ్లీషు అక్షరాల్లో రాసి చదివేవాళ్లకు ఈ తేడా చెవికి ఆనదు. మనకు ఒకటో తరగతి పలక మీదే క, ఖ పక్కపక్కన రాయించారు. అలాంటిది మనవాళ్లు కూడా ‘కేఫ్’ అని ఇంగ్లీషులో కొట్టి, పైన వచ్చిన దానికి బయలుదేరితే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఈ రెండు మాటలూ వేర్వేరు చోట్లకు దారి తీస్తాయి. నలభై ఏళ్ల క్రితం థాయ్‌లాండ్‌లో ఖాఫే అంటే గాయకులు పాడే, హాస్యగాళ్లు నవ్వించే రాత్రి వినోదశాల. ఇప్పుడు కూర్చుని ఫోటోలు దిగే అందమైన చోటుకు ఆ పేరు స్థిరపడింది. అక్కడ ముందు తోట చూస్తారు, తరువాతే కప్పు. ‘రాన్ కాఫ్యా’ అని వెతికితే కాఫీని అమ్ముకుని బతికే దుకాణాలు వస్తాయి. ‘కాఫ్యా సోత్’ అని బోర్డు ఉంటే అప్పటికప్పుడు గింజలు పొడి కొట్టి తీసే కాఫీ అన్నమాట. దక్షిణాన చుంఫోన్, రనోంగ్ ప్రాంతాల్లో రొబస్టా రకం కాఫీ పండుతుంది. అరబికా రకం ఉత్తరాన చియాంగ్ రాయ్ వంటి కొండల నుంచి రావాలి. అరకు అరబికాకు అలవాటుపడిన నాలుక మీదైతే ఇక్కడ ‘ఖువా ఓన్’ అడగండి, తక్కువ వేయించినది అని అర్థం. ‘ఖువా ఖేమ్’ బాగా మాడినంత వేయించినది. నేను రెండూ అడగను, ఎందుకంటే త్రంగ్‌లో నాకు కావలసింది మూడో మాట.

అది ‘కోపీ’. దక్షిణాన స్థిరపడిన చైనా హొక్కియన్ల నోట నిలిచిన మాట ఇది. మూడో పాఠంలో ఈ మాట చదివినవాళ్లు దీన్ని అచ్చుతప్పు అనుకుని ‘కాఫీ’గా దిద్దుకుని వెతికారు. దిద్దకండి. ‘రాన్ కోపీ’ అని థాయి లిపిలో వెతికితే గాని ఆ దుకాణాలు బయటపడవు. చక్కెర పోసి నల్లగా వేయించిన పొడిని గుడ్డ సంచిలో వేసి, మరిగే నీళ్లు పోసి దించుతారు. మీ ముందుకు వచ్చే చిన్న గాజు గ్లాసులో అడుగున వేలెడు మందాన తెల్లగా చిక్కటి డబ్బా పాలు, పైన తారులాంటి నలుపు, మధ్యలో నిలబడ్డ చెంచా. పక్కన పలచటి వేడి టీ ఉచితంగా పెడతారు. చెంచా తిప్పకుండా మొదటి గుటక నల్లగానే తాగండి, ఇది నా మాటగా వినండి.

బల్ల మీద అడగకుండానే చిన్న చిన్న పళ్లేలు పెడితే కంగారు పడకండి, తిన్నవాటికే లెక్క. వాటిలో చాలా వరకు పంది మాంసం ఉంటుంది. శాకాహారులు నూనెలో వేయించిన పిండి కడ్డీ ‘పాథోంగ్‌కో’ తీసుకోవచ్చు, కాకపోతే ఏ నూనెలో వేయించారో అడిగి తినండి.

ఇక వేళల సంగతి. త్రంగ్ రబ్బరు తోటల ఊరు. థాయ్‌లాండ్‌లో మొదటి రబ్బరు మొక్కను 1899లో అప్పటి త్రంగ్ పాలకుడు దగ్గరే ఉన్న కంతంగ్‌లో నాటించాడు. చల్లటి వేళలో పాలు బాగా కారతాయని రబ్బరు గీత కార్మికులు అర్ధరాత్రి దాటాక పనికి దిగుతారు, తెల్లారేసరికి ఆకలి మీద ఉంటారు. ఇక్కడి పెందలాడి ఫలహారానికి ఊళ్లోవాళ్లు చెప్పే కారణం ఇదే. కోపీ దుకాణానికి ఉదయం ఆరున్నరకు వెళ్లండి. పదిన్నరకు వెళ్తే మిగిలిందే దొరుకుతుంది. బ్యాంకాక్ నుంచి రాత్రి రైలు ఎక్కి వచ్చేవాళ్లు గదికి వెళ్లకుండా సంచులతోనే స్టేషన్ నుంచి రామా 6 రోడ్డు వెంట గడియారస్తంభం వైపు నడవాలని నా సలహా. వృద్ధులు పత్రిక చదువుతూ కూర్చున్న మొదటి దుకాణంలోకి దూరండి. నేను రేటింగు నక్షత్రాలు చూడటం మానేసి చాలా కాలమైంది. ఫోటోలు తెరిచి, కప్పులు ఎక్కువ ఉన్నాయా మనుషుల ముఖాలు ఎక్కువ ఉన్నాయా అని మాత్రం చూస్తాను.

వారపు సెలవు పటంలో తరచుగా తప్పుగా ఉంటుంది, దుకాణం వారి ఫేస్‌బుక్ పేజీలో సరిగ్గా దొరుకుతుంది. అక్కడ ‘యుత్ థుక్ వన్ ఫుత్’ అని కనిపిస్తే ప్రతి బుధవారం సెలవు. ఫుత్ అంటే మన బుధుడే. చన్ చంద్రుడు, అంగ్‌ఖాన్ అంగారకుడు, సుక్ శుక్రుడు, ఆథిత్ ఆదిత్యుడు. గురువారం ‘ఫరుహత్’ బృహస్పతి నుంచి వచ్చింది. శనివారం ‘సావ్’ కూడా సంస్కృతమే, శనికి సౌరి అని పేరుంది కదా. ఏడు రోజులూ ఒక్క పూటలో వచ్చేస్తాయి. ‘వన్’ అంటే రోజు, దీర్ఘం తీసి ‘వాన్’ అంటే తీపి. చక్కెర తగ్గించమనాలంటే ‘వాన్ నోయ్’. డబ్బు ఎలా ఇవ్వాలి, ఎక్కడ కూర్చోవాలి అన్నవి మీకే తెలుస్తాయి.

అభ్యాసం: త్రంగ్ వదిలేసి పక్కనున్న ఫత్తలుంగ్ తీసుకోండి. రైల్వే స్టేషన్ నుంచి కిలోమీటరు నడక లోపల కోపీ, కాఫ్యా, ఖాఫే మూడు మాటలతోనూ వెతికి, ఒక్కో మాటకు రెండేసి దుకాణాలు పట్టండి. ప్రతి దుకాణానికీ తెరిచే వేళ, మూసే వేళ, వారపు సెలవు రాయండి. ఇంగ్లీషు సమీక్ష ఒక్కటి కూడా చదవకూడదు. ఆ ఆరింటిలో బుధవారం ఉదయం ఆరున్నరకు తెరిచి ఉండేవి ఎన్నో లెక్కపెట్టి రాయండి. కోపీకి ఒక్క దుకాణం కూడా రాకపోతే ఏ మాట, ఏ అక్షరాలతో వెతికారో కూడా రాయండి, వచ్చే పాఠం అక్కడి నుంచే మొదలుపెడతాను.